వేడిచేసిన కార్బన్ నానోట్యూబులు: రామన్ వర్ణపటం చెప్పేదేమిటి, దాన్ని చదవాల్సిన తీరేమిటి

ఖరగ్‌పూర్ (పశ్చిమ బెంగాల్): కార్బన్ నానోట్యూబులను కొలిమిలో వేడిచేసి బయటకు తీసిన తరువాత వాటి నిర్మాణం మెరుగుపడిందా, దెబ్బతిన్నదా? ఈ ప్రశ్నకు సమాధానం కోసం పరిశోధకులు ముందుగా ఆశ్రయించే పరీక్ష రామన్ వర్ణపట విశ్లేషణ. నమూనాను కరిగించనక్కరలేదు, కోయనక్కరలేదు. లేజర్ కాంతిని దానిపై ప్రసరింపజేసి, చెదిరి వచ్చిన కాంతిని విశ్లేషిస్తే కొద్ది నిమిషాల్లో ఫలితం చేతికందుతుంది. ఆ ఫలితాన్ని చాలా సందర్భాల్లో ఒకే ఒక్క అంకెకు కుదించి చెబుతారు. దానిపేరు డి-జి నిష్పత్తి. ఆ అంకె తగ్గితే నానోట్యూబులు బాగుపడినట్లు, పెరిగితే పాడైనట్లు భావించడం పరిపాటి.

అయితే ఈ సూత్రం అన్నివేళలా నిలవదు. నమూనాను గాలిలో వేడిచేశారా, గాలి తగలకుండా వేడిచేశారా, ఏ రంగు లేజర్ వాడారు, నమూనాలో ఇనుము మిగిలి ఉందా అన్న విషయాలు తెలియకుండా ఆ అంకెను చదివితే తీర్పు తారుమారు కావచ్చు. లిథియం అయాన్ బ్యాటరీల్లోనూ, తేలికైన మిశ్రమ పదార్థాల్లోనూ నానోట్యూబుల వాడకం పెరుగుతున్న ఈ కాలంలో అటువంటి పొరపాటు ప్రయోగశాలకే పరిమితం కాదు. అది వస్తువు నాణ్యతను, ఒక్కోసారి భద్రతను కూడా ప్రభావితం చేస్తుంది.

రైల్వే పట్టణం, తొలి ఐఐటీ

పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని ఖరగ్‌పూర్ హౌరాకు రైలుమార్గంలో సుమారు 115 కిలోమీటర్ల దూరంలో ఉంది. చెన్నై వైపు, ముంబై వైపు వెళ్లే రైలుమార్గాలు ఇక్కడే విడిపోతాయి. 1,072.5 మీటర్ల పొడవున్న ఇక్కడి ప్లాట్‌ఫాం ఒకప్పుడు ప్రపంచంలోనే అతి పొడవైనదిగా పేరుపొందింది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఏర్పడిన వర్క్‌షాప్‌లో, రైల్వే విభాగాల్లో పనికోసం ఉత్తరాంధ్ర ప్రాంతం నుంచి వేలాది కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. నేటికీ ఇక్కడి బజార్లలో, రైల్వే క్వార్టర్లలో తెలుగు వినిపిస్తుంది. తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబర్‌లో తీసుకున్న నిర్ణయానికి ఈ పట్టణంలోని తెలుగు జనాభా ప్రధాన కారణం.

దేశంలోని తొలి ఐఐటీ కూడా ఈ పట్టణంలోనే 1951లో ప్రారంభమైంది. స్వాతంత్ర్య సమరయోధులను బంధించిన హిజ్లీ నిర్బంధ శిబిరం భవనమే దానికి తొలి నివాసం. 1931 సెప్టెంబర్ 16న ఆ శిబిరంలోని నిరాయుధ ఖైదీలపై జరిగిన కాల్పుల్లో సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా ప్రాణాలు కోల్పోయారు. నేడు ఐఐటీ ప్రాంగణంలోని భౌతికశాస్త్ర విభాగంలో రామన్ వర్ణపట పరిశోధన ఒక ముఖ్య శాఖ. ప్రొఫెసర్ అనుశ్రీ రాయ్ పరిశోధనలు ఈ రంగానికి చెందినవే.

రైల్వే వర్క్‌షాప్‌కు, ఈ ప్రయోగశాలకు ఒక పోలిక ఉంది. ఉక్కును ఎంత వేడి చేయాలి, ఎంత నిదానంగా చల్లార్చాలి అన్నది వర్క్‌షాప్ పనివారికి నిత్య వ్యవహారం. రైలు ఆగినప్పుడు సిబ్బంది చక్రాలను సుత్తితో తట్టుతూ సాగిపోయే దృశ్యం పాతతరం ప్రయాణికులకు పరిచితమే. బీటలేని చక్రం ఖంగుమని మోగుతుంది. బీటవారినది బొంగురుగా పలుకుతుంది. సంతలో కుండ కొనేవారు వేలితో తట్టి చూసేదీ అందుకే. రామన్ పరీక్షలో సుత్తి స్థానంలో కాంతి ఉంటుంది. మోగేది పరమాణువుల అల్లిక.

విశాఖ నుంచి కలకత్తా దాకా

ఈ పరీక్షకు మూలమైన ఆవిష్కరణ ఖరగ్‌పూర్‌కు చేరువలోనే జరిగింది. 1888 నవంబర్ 7న తిరుచిరాపల్లిలో జన్మించిన చంద్రశేఖర వెంకట రామన్ బాల్యం విశాఖపట్నంలో గడిచింది. తండ్రి చంద్రశేఖర అయ్యర్ అక్కడి కళాశాలలో అధ్యాపకుడిగా చేరడంతో ఆ కుటుంబం 1892లో విశాఖకు వచ్చింది. రామన్ పాఠశాల చదువు అక్కడే సాగింది. 11 ఏళ్లకే ఆయన మెట్రిక్యులేషన్ పూర్తిచేశారు. తరువాత 1907లో కలకత్తాలో ఆర్థిక శాఖ అధికారిగా చేరి, తీరిక వేళల్లో ఇండియన్ అసోసియేషన్ ఫర్ ది కల్టివేషన్ ఆఫ్ సైన్స్‌లో ప్రయోగాలు కొనసాగించారు. ఆ సంస్థలోనే 1928 ఫిబ్రవరి 28న, కె.ఎస్. కృష్ణన్‌తో కలిసి సాగించిన పరిశోధనలో, చెదిరిన కాంతిలో కొత్త రంగులు కనిపిస్తున్నాయని నిర్ధారించారు. 1930లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. ఫిబ్రవరి 28ని దేశం జాతీయ విజ్ఞాన దినోత్సవంగా జరుపుకొంటోంది.

ఈ పరిశోధనలో తెలుగువారి భాగస్వామ్యం తొలినాళ్ల నుంచే ఉంది. గుడివాడ ప్రాంతానికి చెందిన సూరి భగవంతం హైదరాబాద్ నిజాం కళాశాలలో చదువు ముగించి 1928లో కలకత్తాలో రామన్ వద్ద చేరారు. ఆ తరువాత వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర పరిశోధనకు పునాది వేశారు. రామన్ ఫలితంపై ఆయన రాసిన గ్రంథం 1940లో వెలువడింది. స్ఫటికాల్లోని పరమాణువులు ఏయే విధాలుగా కంపించగలవో, వాటిలో ఏవి రామన్ వర్ణపటంలో కనిపిస్తాయో గణితం ద్వారా ముందే చెప్పే పద్ధతిని టి. వెంకటరాయుడుతో కలిసి ఆయన వివరించారు. నేడు నానోట్యూబు వర్ణపటాన్ని చదివేవారు అనుసరించే తర్కం ఆ కోవకు చెందినదే.

కాంతి అణువును తాకినప్పుడు అధిక భాగం అదే రంగుతో చెదురుతుంది. దాదాపు కోటి కాంతి కణాల్లో ఒకటి మాత్రమే కొంత శక్తిని పరమాణువుల కంపనానికి ఇచ్చి, లేదా దాని నుంచి తీసుకుని, రంగు మార్చుకుంటుంది. ఆ మార్పు ఎంతో కొలిస్తే కంపనం ఏదో తెలుస్తుంది. రామన్ కాలంలో సూర్యకాంతి, పాదరస దీపాలతో గంటల తరబడి చేసిన పనిని 1960 తరువాత వచ్చిన లేజర్లు సులభతరం చేశాయి. ఈ మార్పును తరంగ సంఖ్యల్లో, అంటే ఒక సెంటీమీటరు పొడవులో ఇమిడే తరంగాల లెక్కలో చెబుతారు. వర్ణపటంలోని స్థానాలను సూచిస్తూ ఇకపై వచ్చే 1,350, 1,580 వంటి అంకెలన్నీ ఆ ప్రమాణంలోనివే.

నానోట్యూబు అంటే ఏమిటి

పెన్సిల్ ముల్లులో ఉండే గ్రాఫైట్ అనేక పొరల దొంతర. ప్రతి పొరలోనూ కార్బన్ పరమాణువులు తేనెపట్టు గదుల్లా ఆరు మూలల వలయాలుగా అల్లుకుని ఉంటాయి. ఆ పొరను చాపలా చుట్టి అంచులు అతికించినట్లు ఊహిస్తే అదే కార్బన్ నానోట్యూబు. ఒకే పొరతో ఏర్పడినదాన్ని ఏకకుడ్య నాళిక అని, ఒకదానిలో ఒకటి ఇమిడిన అనేక పొరలతో ఏర్పడినదాన్ని బహుకుడ్య నాళిక అని అంటారు. ఏకకుడ్య నాళిక వ్యాసం సాధారణంగా ఒకటి రెండు నానోమీటర్లు. తల వెంట్రుక మందంలో అది దాదాపు 80 వేలవ వంతు.

జపాన్ శాస్త్రవేత్త సుమియో ఇజిమా 1991లో 2 నుంచి సుమారు 50 పొరలున్న బహుకుడ్య నాళికలను వివరించడంతో ఈ రంగంపై ప్రపంచ దృష్టి పడింది. ఏకకుడ్య నాళికలు 1993లో వెలుగులోకి వచ్చాయి. కార్బన్ తంతువుల్లో బోలు నిర్మాణాలను సోవియట్ శాస్త్రవేత్తలు రాదుష్కెవిచ్, లుక్యనోవిచ్ 1952లోనే ప్రచురించినా అది విస్తృత ప్రచారానికి నోచుకోలేదు. భారత్‌లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన ఎ.కె. సూద్ బృందం, నానోట్యూబులపై ద్రవం ప్రవహించినప్పుడు విద్యుత్ వోల్టేజీ పుడుతుందని 2003లో చూపింది.

తయారీలో నాళికలు ఎప్పుడూ శుద్ధంగా రావు. హైడ్రోకార్బన్ వాయువును ఇనుము, కోబాల్ట్, నికెల్ వంటి ఉత్ప్రేరక లోహాల సమక్షంలో వేడిచేసి నాళికలు పెంచే పద్ధతి నేడు ఎక్కువగా వాడుకలో ఉంది. ఈ క్రమంలో ఒక తీరూ తెన్నూ లేని మసి వంటి కార్బన్ నాళికలకు అంటుకుంటుంది. లోహ రేణువులు లోపల చిక్కుకుపోతాయి. గోడల అల్లికలో అక్కడక్కడా పరమాణువులు లోపిస్తాయి. ఈ మూడింటినీ సరిచేయడానికే ఉష్ణోపచారం, అంటే నిర్ణీత ఉష్ణోగ్రతకు వేడిచేసి, కొంతసేపు ఉంచి, చల్లార్చే ప్రక్రియ.

వర్ణపటంలోని ప్రధాన గుర్తులు

నానోట్యూబు రామన్ వర్ణపటంలో నాలుగు ప్రాంతాలు ముఖ్యమైనవి.

మొదటిది జి పట్టీ. ఇది 1,580 నుంచి 1,590 ప్రాంతంలో కనిపిస్తుంది. పొరలోని పొరుగు కార్బన్ పరమాణువులు ఎదురెదురుగా కదలడం వల్ల ఇది వస్తుంది. గ్రాఫైట్ తరహా అల్లిక ఉన్నదనడానికి ఇది గుర్తు.

రెండవది డి పట్టీ. ఇది 1,350 ప్రాంతంలో ఉంటుంది. లోపంలేని, అంతులేని పొరలో ఇది కనిపించదు. అల్లికలో ఖాళీ, అంచు, అతుకు వంటి భంగం ఏదైనా ఉన్నప్పుడే బయటపడుతుంది. అందుకే దీన్ని లోపాల సూచికగా పరిగణిస్తారు.

మూడవది 2,700 ప్రాంతంలోని పట్టీ. ఇది డి పట్టీ స్థానానికి సుమారు రెట్టింపు చోట వస్తుంది కానీ, దీనికి లోపాలు అవసరం లేదు. అల్లిక ఎంత క్రమబద్ధంగా ఉంటే ఇది అంత స్పష్టంగా ఉంటుంది.

నాలుగవది 100 నుంచి 300 మధ్య కనిపించే శ్వాస కంపనం. నాళిక మొత్తం ఊపిరి తీసి వదులుతున్నట్లు ఉబ్బి, ముడుచుకోవడం వల్ల ఇది వస్తుంది. ప్రధానంగా ఏకకుడ్య, ద్వికుడ్య నాళికల్లో కనిపిస్తుంది. దీని స్థానం నాళిక వ్యాసాన్ని బట్టి మారుతుంది. అప్పారావు ఎం. రావు ప్రథమ రచయితగా 1997లో వెలువడిన పరిశోధన పత్రం ఈ కంపనాలకు, వ్యాసానికి ఉన్న సంబంధాన్ని ప్రయోగపూర్వకంగా చూపింది. సిలికాన్ పలకపై విడిగా ఉన్న నాళికలకు వాడే ఒక సూత్రం ప్రకారం 248ని వ్యాసంతో భాగిస్తే ఈ కంపన స్థానం వస్తుంది. అంటే 1.24 నానోమీటర్ల నాళిక 200 వద్ద పలుకుతుంది. కట్టలుగా ఉన్న నాళికలకు ఈ లెక్క స్వల్పంగా మారుతుంది.

డి పట్టీ తీవ్రతను జి పట్టీ తీవ్రతతో భాగిస్తే వచ్చేదే డి-జి నిష్పత్తి. గ్రాఫైట్‌లో స్ఫటికాల పరిమాణం తగ్గేకొద్దీ ఈ నిష్పత్తి పెరుగుతుందని తుయిన్‌స్ట్రా, కోనిగ్ 1970లో చూపారు. నానోట్యూబులకు ఆ కొలమానం అక్కడి నుంచే సంక్రమించింది.

గాలిలో వేడిచేస్తే

గాలిలో వేడిచేయడం ఒక విధమైన చెరుగుడు. ధాన్యం చెరిగితే పొట్టు ఎగిరిపోయి గింజ మిగిలినట్లు, తక్కువ ఉష్ణోగ్రతకే కాలే మసి ముందుగా పోయి నాళికలు మిగలాలన్నది ఉద్దేశం. క్రమరహిత కార్బన్ సుమారు 350 నుంచి 400 డిగ్రీల సెల్సియస్ వద్ద కాలడం ఆరంభిస్తుంది. చక్కని అల్లికగల బహుకుడ్య నాళికలు 600 డిగ్రీల ప్రాంతం దాకా నిలవగలవు. లోహ రేణువులు అధికంగా ఉంటే ఈ పరిమితి గణనీయంగా పడిపోతుంది. ఆ లోహాలే దహనానికి ఉత్ప్రేరకాలుగా పనిచేస్తాయి. ఏకకుడ్య నాళికలకు ఒకటే గోడ కాబట్టి, అవి మరింత త్వరగా దెబ్బతింటాయి.

తగిన ఉష్ణోగ్రతలో ఆపితే డి పట్టీ తగ్గుతుంది. అక్కడ నాళికల్లోని లోపాలు మానలేదు. డి పట్టీకి కారణమైన మసి పోయిందంతే. నిష్పత్తి తగ్గుదల రెండు సందర్భాల్లోనూ ఒకేలా కనిపించినా అర్థం వేరు. కొలిమిని మరికొంత పెంచితే ప్రాణవాయువు నాళికల కొసలను, గోడల్లోని బలహీన స్థలాలను తినడం మొదలుపెడుతుంది. అప్పుడు డి పట్టీ మళ్లీ లేస్తుంది. శుద్ధికి, విధ్వంసానికి మధ్య ఉన్న ఆ కిటికీ ఎంత వెడల్పో ప్రతి నమూనాకూ విడిగా తెలుసుకోవాలి. ఓస్వాల్డ్, ఫ్లాహో, గొగొత్సి 2006లో వెలువరించిన పరిశోధనలో ద్వికుడ్య, ఏకకుడ్య నాళికలను వేడిచేస్తూనే రామన్ వర్ణపటాన్ని నమోదు చేయడం ఈ కారణం చేతనే విలువైనది.

గాలిలో వేడిచేసినప్పుడు మరొక చిక్కు ఉంది. నమూనాలోని ఇనుము తుప్పుపట్టి హెమటైట్ అనే ఎర్రని ఆక్సైడ్‌గా మారుతుంది. హెమటైట్‌కూ సొంత రామన్ వర్ణపటం ఉంది. దాని గుర్తుల్లో రెండు 225, 290 ప్రాంతాల్లో, అంటే సరిగ్గా శ్వాస కంపనాల చోట పడతాయి. మరొక వెడల్పాటి గుర్తు 1,320 ప్రాంతంలో డి పట్టీతో కలిసిపోతుంది. అప్రమత్తంగా లేనివారు తుప్పును చూసి సన్నని నాళికలు ఉన్నాయనో, నాళికలు దెబ్బతిన్నాయనో తీర్మానించే ప్రమాదం ఉంది.

గాలి తగలకుండా వేడిచేస్తే

ఆర్గాన్ వంటి జడ వాయువులో లేదా శూన్యంలో వేడిచేసినప్పుడు దహనానికి తావుండదు. ఇక్కడ ఉష్ణోగ్రతను బట్టి మూడు దశలు గుర్తించవచ్చు.

కొన్ని వందల డిగ్రీల వద్ద, ఆమ్లాలతో శుద్ధిచేసినప్పుడు నాళికల గోడలకు అంటుకున్న ఆక్సిజన్ సమూహాలు ఊడిపోతాయి. అవి కార్బన్ మోనాక్సైడ్, కార్బన్ డయాక్సైడ్ వాయువుల రూపంలో పోతూ గోడలోని ఒక కార్బన్ పరమాణువును కూడా వెంట తీసుకుపోవచ్చు. అందువల్ల ఈ దశలో డి-జి నిష్పత్తి ఆశించినంత తగ్గకపోవడం సహజం.

సుమారు 1,500 డిగ్రీలు దాటాక పరమాణువులు చోటు మారేంత శక్తి సమకూరుతుంది. ఇనుము 1,538 డిగ్రీల వద్ద కరుగుతుంది. ఇంకా పైకి పోతే ఆవిరై నమూనాను వీడిపోతుంది. 2,000 నుంచి 2,800 డిగ్రీల మధ్య బహుకుడ్య నాళికల్లోని వంకరలు నిటారై, ఖాళీలు పూడి, పొరలు గ్రాఫైట్‌లా సర్దుకుంటాయి. డి పట్టీ బాగా తగ్గుతుంది. జి పట్టీ సన్నబడుతుంది. 2,700 ప్రాంతంలోని పట్టీ బలపడుతుంది. ఈ మూడు మార్పులూ కలిసి వచ్చినప్పుడు అల్లిక నిజంగా మెరుగుపడిందని ధైర్యంగా చెప్పవచ్చు.

ఏకకుడ్య నాళికల విషయం వేరు. అంతటి వేడిలో పక్కపక్కనున్న నాళికలు ఏకమై లావుపాటివిగా మారతాయి. ఇంకా వేడిచేస్తే బహుకుడ్య రూపం దాల్చగలవు. 1.24 నానోమీటర్ల వ్యాసమున్న రెండు నాళికలు కలిసి 2.48 నానోమీటర్ల నాళికగా మారితే శ్వాస కంపనం 200 నుంచి 100కు దిగుతుంది. లేజర్ కాంతిని అడ్డుకునేందుకు పరికరంలో అమర్చే ఫిల్టర్ చాలాచోట్ల ఆ కింది భాగాన్ని కూడా కప్పివేస్తుంది. శ్వాస కంపనం కనిపించకపోవడాన్ని చూసి నాళికలు నశించాయని ప్రకటించే ముందు అవి లావెక్కాయేమో పరిశీలించాలి.

ఒకే అంకె, రెండు అర్థాలు

డి-జి నిష్పత్తిపై అతిగా ఆధారపడకూడదనడానికి మౌలికమైన కారణం ఒకటి ఉంది. ఫెరారీ, రాబర్ట్‌సన్ 2000 సంవత్సరంలో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, గ్రాఫైట్‌లో అవ్యవస్థ పెరిగేకొద్దీ ఈ నిష్పత్తి తొలుత పెరుగుతుంది. అవ్యవస్థ మరీ ముదిరి ఆరు మూలల వలయాలే విచ్ఛిన్నం కావడం మొదలైతే డి పట్టీకి ఆధారమే పోతుంది. అప్పుడు నిష్పత్తి తిరిగి తగ్గుతుంది. అంటే కొండకు రెండు వైపులా ఒకే ఎత్తు ఉన్నట్లు, బాగా ఉన్న పదార్థానికీ, బాగా చెడిపోయిన పదార్థానికీ ఒకే అంకె రావచ్చు. కొండకు ఏ వైపున ఉన్నామో తెలుసుకోవడానికి పట్టీల వెడల్పు చూడాలి. అవ్యవస్థ పెరిగేకొద్దీ పట్టీలు వెడల్పవుతూనే పోతాయి. సన్నని పట్టీలతో తక్కువ నిష్పత్తి వస్తే మేలు. వెడల్పాటి పట్టీలతో తక్కువ నిష్పత్తి వస్తే అది హెచ్చరిక.

ఈ కారణంగానే, ఎంతో క్రమరహితమైన నమూనాను వేడిచేసినప్పుడు నిష్పత్తి మొదట పెరగడం కూడా చెడు సూచన కాకపోవచ్చు. చెల్లాచెదురుగా ఉన్న పరమాణువులు చిన్న చిన్న వలయాలుగా కుదురుకుంటున్నాయని దాని అర్థం కావచ్చు.

లేజర్ రంగు రెండవ కారణం. నానో పరిమాణంలోని గ్రాఫైట్‌లో ఈ నిష్పత్తి లేజర్ తరంగదైర్ఘ్యపు నాలుగవ ఘాతాన్ని అనుసరిస్తుందని 2006లో కన్సాదో బృందం చూపింది. ఆ లెక్కన 514 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్‌తో కొలిచిన అదే నమూనాను 633 నానోమీటర్ల ఎర్ర లేజర్‌తో కొలిస్తే నిష్పత్తి సుమారు 2.3 రెట్లు అవుతుంది. నానోట్యూబులకు ఈ గుణకం యథాతథంగా వర్తించకపోయినా, వేర్వేరు లేజర్లతో వచ్చిన అంకెలను పక్కపక్కన పెట్టరాదన్న పాఠం వర్తిస్తుంది. డి పట్టీ స్థానం కూడా లేజర్ శక్తి ఒక ఎలక్ట్రాన్ వోల్టు మారితే సుమారు 50 చొప్పున జరుగుతుంది. పైగా, ఏకకుడ్య నాళికల్లో లేజర్ శక్తితో అనునాదం కుదిరినవే గట్టిగా పలుకుతాయి. మిగిలినవి మౌనంగా ఉంటాయి. మౌనం లేమికి నిదర్శనం కాదు.

మూడవది లేజర్ పుట్టించే వేడి. సూక్ష్మదర్శిని గుండా ఒక మైక్రోమీటరు చుక్కలో కేంద్రీకరించిన కాంతి నల్లని నానోట్యూబు పొడిని సులువుగా వందల డిగ్రీలకు వేడెక్కించగలదు. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే జి పట్టీ సుమారు 0.02 నుంచి 0.03 మేర కిందికి జరుగుతుంది. వంద డిగ్రీలకు అది రెండు మూడు అంకెల తేడా. కొలిమి చేసిన మార్పును కొలవబోయి లేజర్ చేసిన మార్పును నమోదుచేసే ప్రమాదం ఇది. కాంతి తీవ్రతను సగానికి తగ్గించి మళ్లీ కొలిచినప్పుడు పట్టీలు కదలకుండా ఉంటేనే ఆ కొలత నమ్మదగినది.

నాలుగవది నమూనా ఎంపిక. ఒక గ్రాము పొడిలో ఒక చుక్క చెప్పే సంగతి మొత్తం పొడికి వర్తించదు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూడవచ్చు కానీ, నానోట్యూబుల విషయంలో ఆ ధీమా చెల్లదు. పలు చోట్ల కొలిచి, సగటుతో పాటు వ్యత్యాసాన్ని కూడా చెప్పాలి.

ఇతర సాక్ష్యాలు

రామన్ వర్ణపటానికి కనిపించనిది లోహం. ఇనుము లోహరూపంలో ఉన్నప్పుడు దానికి ఈ పద్ధతిలో గుర్తు రాదు. నిష్పత్తి ఎంత చక్కగా ఉన్నా లోహ మలినం అలాగే ఉండవచ్చు. అందుకే నమూనాను గాలిలో నెమ్మదిగా వేడిచేస్తూ బరువు తగ్గుదలను నమోదుచేసే ఉష్ణభార విశ్లేషణను జతచేస్తారు. కార్బన్ అంతా కాలిపోయాక మిగిలే బూడిద లోహం పాలును తెలుపుతుంది. పొరల మధ్య దూరాన్ని ఎక్స్ కిరణ వివర్తనం, గోడల రూపాన్ని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని నిర్ధారిస్తాయి.

సూక్ష్మదర్శిని సాక్ష్యం ఎంత కీలకమో చెప్పే ఉదాహరణ తెలుగు నేలతో ముడిపడినదే. తెలంగాణలోని కోనసముద్రం పరిసరాలు ఒకప్పుడు వూట్జ్ ఉక్కుకు ప్రసిద్ధి. డమాస్కస్ కత్తులకు ముడిసరుకు దక్షిణ భారతదేశంలో తయారైన ఈ రకం ఉక్కే. జర్మనీలోని డ్రెస్డెన్‌లో పీటర్ పౌఫ్లర్ బృందం 17వ శతాబ్దపు డమాస్కస్ ఖడ్గంలో కార్బన్ నానోట్యూబులను గుర్తించినట్లు 2006లో ప్రకటించింది. ఆ నిర్ధారణకు ఆధారం ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చిత్రాలు. కార్బన్, ఇనుము, వేడి కలిసినచోట నాళికలు ఏర్పడగలవన్న సంగతికి ఆ ఖడ్గాన్ని ఒక పూర్వ ఉదాహరణగా చెప్పుకోవచ్చు.

ఎందుకు పట్టించుకోవాలి

లిథియం అయాన్ బ్యాటరీల ఎలక్ట్రోడ్లలో విద్యుత్ ప్రసారాన్ని పెంచేందుకు నానోట్యూబులను కలుపుతారు. అక్కడ మిగిలిపోయిన లోహ రేణువులు బ్యాటరీ లోపల అవాంఛిత చర్యలకు, షార్ట్ సర్క్యూట్‌కు దారితీయగలవు. కేవలం రామన్ అంకె చూసి సరుకును ఆమోదించడం ఇక్కడ చాలదు. గాలిలో వేడిచేసి మసిని వదిలించిన సరుకుకూ, జడ వాయువులో 2,000 డిగ్రీలు దాటించి లోహాన్ని వదిలించిన సరుకుకూ దగ్గర దగ్గర నిష్పత్తులు రావచ్చు. మొదటి దానిలో ఇనుము ఆక్సైడ్‌గా మారి అక్కడే ఉంటుంది.

లోపమే లేని నాళిక అన్నిటికీ శ్రేష్ఠమనుకోవడమూ సరికాదు. విద్యుత్తుకు, ఉష్ణ ప్రసారానికి నిర్దోషమైన అల్లిక మేలు. రెజిన్‌లో కలిపి దృఢమైన మిశ్రమ పదార్థం తయారుచేయాలంటే నాళిక గోడకు రెజిన్ పట్టుకోవడానికి కొన్ని రసాయన పట్లు అవసరం. అవి వర్ణపటంలో లోపాలుగానే నమోదవుతాయి. కాబట్టి నిష్పత్తి ఎంత ఉండాలన్నది నాళికను దేనికి వాడతారన్న దానిపై ఆధారపడి ఉంటుంది.

ఒక నివేదికలో డి-జి నిష్పత్తి కనిపించినప్పుడు దాని పక్కన మరికొన్ని వివరాలు ఉన్నాయేమో చూడాలి. లేజర్ తరంగదైర్ఘ్యం, దాని తీవ్రత ఎంత? నిష్పత్తిని పట్టీల ఎత్తుతో లెక్కించారా, వైశాల్యంతోనా? పట్టీల వెడల్పు ఎంత? ఎన్ని చోట్ల కొలిచారు? వేడి ఏ వాతావరణంలో, ఎంతసేపు ఇచ్చారు? వేడికి ముందు, తరువాత అదే పరికరంతో, అదే అమరికలో కొలిచారా? లోహం పాలును విడిగా తేల్చారా? ఇవి ఉంటే ఆ అంకె సాక్ష్యంగా నిలుస్తుంది. లేకపోతే అది సూచన మాత్రమే.

చక్రాన్ని తట్టిన రైల్వే ఉద్యోగి శబ్దం ఒక్కటే వినడు. అది ఏ పెట్టె చక్రమో, ఎంత దూరం నడిచి వచ్చిందో, బ్రేకు ఎంత వేడెక్కిందో కూడా చూస్తాడు. కాంతితో తట్టి చూసే ఈ పరీక్షకూ అదే నియమం వర్తిస్తుంది.